షెడ్డు గేటుకు వేపమండలు

గుండ్లపోచంపల్లి దాటి మేడ్చల్ వైపు పోతుంటే హైవే పక్కన ఒక పొడుగాటి రేకుల షెడ్డు కనబడుతుంది. జ్వరం గోలీలు పెట్టే అట్టడబ్బాలను మడిచి, అంటించి, కట్టలు కట్టే పని అక్కడ. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఆ ఎండాకాలంలో ఊరంతటికీ తాళం పడినా ఈ షెడ్డుకు మాత్రం పడలేదు. దేశానికి జ్వరం వచ్చింది, డబ్బాలకు గిరాకీ వచ్చింది. ఆడవాళ్లను తెచ్చే బస్సు అద్దానికి ‘అత్యవసర సేవ’ అని కాగితం అంటించారు. అత్యవసరం డబ్బాలది, వాటిని మడిచేవాళ్లది కాదు. ఆ సంగతి కాగితం మీద రాయలేదు గానీ బస్సులో కూర్చున్న వాళ్లందరికీ తెలుసు.

గేటు దగ్గర నుదుటికి గురిపెట్టే జ్వరం తుపాకీ పట్టుకుని నిలబడేవాడు సూపర్‌వైజర్ నగేష్. తుపాకీ చేతికొచ్చిన రోజు నుంచి అతని నడకే మారిపోయింది. అయినా మనసు మంచిదే. కాల్చే ముందు తప్పించుకునే దారి కూడా తనే చూపించేవాడు. గేటుకు ఇవతల ఒక నల్లా పెట్టించాడు. ఒళ్లు కాలుతున్నవాళ్లు ఆ నల్లా కింద మొహం కడుక్కుని, తడి కొంగు నుదుటికి అదిమి, అప్పుడొచ్చి నిలబడాలి. తుపాకీ పచ్చగా వెలిగేది. "సల్లగున్నవ్, నడువు" అనేవాడు. షెడ్డులో జ్వరమున్న మనిషే లేదని రోజూ పైవాళ్లకు చెప్పేవాడు. అబద్ధం ఆడింది తను కాదు, నల్లా.

ఆ షెడ్డులో అందరికంటే పాత మనిషి బాలమణి. చూడకుండా డబ్బా మడిచేది. చేతులకు చూపు అక్కర్లేదు కాబట్టి నోటికి తీరిక ఎక్కువ. నగేష్‌ది కూడా ఆమె ఊరే, వరసకు మరిది. అందుకని అతన్ని ఆటపట్టించడం ఆమెకు జీతంతో పాటు వచ్చే హక్కు. ఎప్పుడూ తోడికోడలు మైసమ్మతో కలిసి బస్సు దిగేది. ఆ రోజు ఒక్కతే నడుచుకుంటూ వచ్చి, గేటుకు దూరంగా ఆగింది.

"ఏం వదినె, ఒక్కదానివే వచ్చినవ్. మైసమ్మ ఏది?" అన్నాడు నగేష్.

"దానికి కరోనా అని నిన్న చెప్పిన్రు. పండుకున్నది. సెలవు రాయి."

నగేష్ తుపాకీ దించి నాలుగు దిక్కులా చూశాడు. "గా మాట గట్టిగ అనకే. మైసమ్మ పని మానేసింది. గంతే."

"ఎవలు చెప్పిన్రు మానేసిందని?"

"నేనే చెప్తున్న."

"దాని పని నువ్వెట్ల మానేస్తవ్ మరిదీ? నీ పనే నువ్వు సక్కగ చెయ్యవు."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. నగేష్ నవ్వలేదు. "జబ్బని రాస్తే షెడ్డు మూపిస్తరు, మందు కొట్టమంటరు. ఆర్డరు ఆగుతది. పటేల్ సాబ్ చెప్పిండు, జరమొచ్చినోళ్లు మానేసినట్టే. మంచిగైనంక మళ్ల వస్తే చూద్దాం. రేపు పేర్లు పైకి పోతయ్, ఇగ నా చేతుల లేదు" అన్నాడు. పటేల్ అంటే నరసింహ పటేలు. షెడ్డు కింది భూమి ఆయనదే, షెడ్డులోకి మనుషుల్ని పెట్టే కాంట్రాక్టూ ఆయనదే. రాబోయే మున్సిపల్ ఎన్నికల్లో ఓట్లు కూడా తనవేనని అనుకుంటున్నాడు.

"మరి నేను? ఒక్కటే ఇల్లు మాది. ఇంట్లకెల్లి బయటికి పోవద్దన్నరు."

"మొహం కడుక్కున్నవా?"

"కడుక్కున్న."

"అయితే నీకేం లేదు, లోపలికి నడువు. రావా? నువ్వు కూడా మానేసినట్టే."

బాలమణి లోపలికి పోలేదు. మాస్కు కింద ఏదో అనుకుంటూ ఇంటిదారి పట్టింది. ఏమనుకుందో రాస్తే బాగుండదు.

బాలమణి, మైసమ్మ ఒకే వాకిట్లో ఇన్నేళ్లుగా కాపురం చేస్తున్నారు. చీపురు దగ్గర, నల్లా దగ్గర, గ్రైండర్ దగ్గర వాళ్లు పోట్లాడని రోజు లేదు. గ్రైండర్ విషయంలో అయితే ఒక వానాకాలమంతా మాటలే లేవు. ఇప్పుడు మైసమ్మ ముందుగదిలో ఒంటరిగా పడుకుంది. మగవాళ్లిద్దరూ మంచాలు వేపచెట్టు కిందికి మార్చుకున్నారు. అత్త శంకరమ్మ ఆ చెట్టుకే రెండు మండలు విరిచి గుమ్మానికి కట్టింది. ఆమె లెక్కలో ఒకరి నుంచి ఒకరికి పాకే జ్వరం ఏదైనా సరే అమ్మవారే. టీవీ వాళ్లు దానికి ఏ పేరైనా పెట్టుకోవచ్చు.

బాలమణి గడపకు ఇవతల అన్నం గిన్నె పెట్టి వెనక్కి జరిగింది. తలుపు సందులోంచి మైసమ్మ గొంతు వచ్చింది. "అక్కా, నౌకరి పోయిందా?"

"ఎవలన్నరు?"

"నీ నడకల తెలుస్తాంది. నేను రేపు పోత. గోలీ ఏసుకుంటే జరం దిగుతాంది. నల్లా కింద తలకాయ పెడ్త."

"నీ తలకాయ శామీర్‌పేట చెరువుల పెట్టినా సల్లగ గాదు. తిని పండు."

"నువ్వు సంతోషపడుతున్నవ్ గద, నేనింట్ల పడ్డనని."

"మస్తు సంతోషంగున్నది. గ్రైండర్ నాకే ఉన్నది ఇగ."

లోపల దగ్గు మొదలైంది. ఎంతకీ ఆగలేదు. బాలమణి నవ్వు కూడా దానితోనే పోయింది. గిన్నె మీద మూత సరిగా పెట్టి, వాకిట్లోకొచ్చి ఈఎస్ఐ దవాఖానా డాక్టరు మాధవీలతకు ఫోన్ చేసింది. మైసమ్మ కాన్పప్పటి నుంచి ఆ ఇంటికి తెలిసిన డాక్టరు.

"చీటీ నేను రాస్తానమ్మా. జబ్బు సెలవుకు జీతంలో చాలా వంతు ఆమెకు ఈఎస్ఐ నుంచే వస్తుంది. ఆ సెలవులో ఉన్న మనిషిని పనిలోంచి తీసేయడానికి కూడా వీల్లేదు. కానీ ఆమె సెలవులో ఉందని మీ కంపెనీ ఒప్పుకోవాలి. మానేసిందని ముందే పైకి పంపేస్తే మీరు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఈ రోజుల్లో ఏ ఆఫీసు తలుపు తీసి ఉందో నాకూ తెలియదు."

"అంటే ఒక్క మాట రాయాలె. జబ్బు అని."

"ఆ ఒక్క మాటే."

నెలనెలా జీతంలోంచి ఈఎస్ఐకని కోత కోసేటప్పుడు ఎవరూ ఏ మాటా అడగలేదు. ఇప్పుడు ఒక్క మాట కోసం తిరగాలట. బాలమణి అరుగు మీద కూర్చుని కోపంతో చింతపండు పిసుకుతోంది. అప్పుడు సంఘం అప్పు కిస్తీ వసూలు చేసే పిల్లగాడి బండి వచ్చింది. లాక్‌డౌన్‌కు ఆగనివాడు, పోలీసు లాఠీకి ఆగనివాడు, చావింటికి కూడా వచ్చి పక్కన నిలబడి ఎదురుచూసేవాడు. బండి దిగబోతూ గుమ్మం వైపు చూశాడు. వేపమండలు కనబడ్డాయి. చెప్పులోంచి సగం తీసిన కాలు మళ్లీ చెప్పులో పెట్టుకుని, మండలకు ఒక దండం పెట్టి, బండి తిప్పుకుని పోయాడు.

బాలమణి చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. పోయేవాడిని చూసింది, గుమ్మాన్ని చూసింది, తర్వాత చెట్టును చూసింది.

మర్నాడు బస్సు రాకముందే షెడ్డు దగ్గరికి చేరింది. ముక్కు మీద ఒక మాస్కు, దాని మీద ఇంకొకటి, చంకలో వేపమండల కట్ట. గేటు రెండు రెక్కలనూ కలిపి మండలు అడ్డంగా కట్టింది. మధ్యలో పసుపు బొట్లు పెట్టింది. ‘తల్లీ, నీ పేరు వాడుకుంటున్న. ఏమనుకోకు. అబద్ధం మాత్రం చెప్తలేను, జబ్బు ఈ ఇంట్లనే ఉన్నది’ అని మనసులో మొక్కుకుని, రోడ్డుకు అవతల రాయి మీద కూర్చుంది.

బస్సు వచ్చింది. ముందు దిగిన స్రవంతి నల్లా దగ్గరికి పోబోతూ గేటు చూసి ఆగింది. ఆమె వెనక దిగినవాళ్లు ఆమెకు గుద్దుకుని ఆగారు. ఒకామె చెప్పులు విడిచింది. మండలు కట్టిన గడపను ఇంటివాళ్లు రమ్మనకుండా దాటకూడదని వాళ్లకు ఎవరూ బడిలో చెప్పలేదు. చిన్నప్పుడు వీపు మీద పడ్డ దెబ్బలు చెప్పాయి.

వెనకే డబ్బాల లారీ వచ్చి కీచుమని ఆగింది. డ్రైవర్ యాదయ్యది శామీర్‌పేట. తాతల నాటి నుంచి చెరువులో చేపలు పట్టే ఇల్లు. అద్దం దించి తల బయటపెట్టాడు. "ఎవలింట్ల?"

"ఈ ఇంట్లనే" అంది బాలమణి రాయి మీద నుంచి.

"గిది షెడ్డు గదనే."

"పొద్దున్నుంచి పొద్దుమూకే దాక యాడ ఉంటమో గదే ఇల్లు. మైసమ్మకు ఈడనే తగిలింది. పక్కన దగ్గేటోళ్లు ఇంకా ఉన్నరు, నల్లా కింద కడుక్కొని లోపలికి పోతున్నరు."

యాదయ్య ఇంజన్ ఆపేశాడు. "నేను దాటను. అవసరమైతే పోయి చేపలు పట్టుకుంట" అని బీడీ తీశాడు.

నగేష్ లోపలి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, గేటు అవతల బ్రేకేసినట్టు నిలబడ్డాడు. చెయ్యి మండల దాకా పోయింది, అక్కడి నుంచి తిరిగి తన తలమీదికే పోయి గోక్కుంది. "వదినె, ఏంది గిది? తియ్యి."

"నువ్వే తియ్యి మరిదీ. తుపాకీ ఉన్నది గద నీ దగ్గర, ఏం భయం?"

"నాకు సిన్న పిల్లలున్నరే."

"మైసమ్మకు పెద్ద పిల్లలున్నరా మరి?"

నగేష్ గార్డును పిలిచాడు. బీహార్ నుంచి వచ్చిన ముసలాయన. మండలు చూసి టోపీ తీసి చేతులు జోడించాడు, అమ్మవారిని తాకనన్నాడు. "మాతాజీ హై సాబ్. హమ్ నహీ ఛుయేంగే." దేశం అంత పెద్దదైనా ఈ విషయంలో చాలా చిన్నదని నగేష్‌కు అర్థమై, మేనేజర్‌కు ఫోన్ కలిపాడు.

మేనేజర్ ఫణిభూషణ్ కొంపల్లిలో గేటు వేసిన విల్లాల్లో ఉంటాడు. కరోనా మొదలైనప్పటి నుంచి ఆ గేటు దాటింది తక్కువ. ఇంట్లోనే కూర్చుని లాప్‌టాప్‌లోంచి షెడ్డు నడిపిస్తున్నాడు. ఆకులు తీసి పడేయండి, ఇంత చదువులేని పని ఏంటని ఫోన్లో అరిచాడు. ఎవరూ తీయడం లేదని తెలిసి చివరికి కారేసుకుని వచ్చాడు. వచ్చాడు గానీ దిగలేదు. అద్దం రెండు వేళ్ల సందు దించి, ఆ సందులోంచి మాట్లాడాడు.

"ఇదంతా మూఢనమ్మకం. ఆకులకు భయపడతారా? ఇక్కడ జబ్బు లేదు, ఏమీ లేదు. లోపలికి వెళ్లండి."

బాలమణి రాయి మీద నుంచి లేచి కారు వైపు రెండు అడుగులు వేసింది. అద్దం సందు ఒక వేలంత అయింది. ఇంకో అడుగు వేసింది. సందు మూసుకుపోయింది.

"గదేంది సారూ, జబ్బు లేదంటివి. దిగు. దిగి మాతోని లైను మీద నిలబడు, రెండు డబ్బాలు మడుద్దాం. మేం ఆకుకు భయపడుతున్నం, నువ్వు నాకు భయపడుతున్నవ్. ఎవల నమ్మకం మూఢం?"

లారీలోంచి యాదయ్య ఈల వేశాడు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కారు లోపల ఫణిభూషణ్ పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు.

అప్పటికి నరసింహ పటేలుకు కబురు అందింది. తెల్లబట్టల్లో, బుల్లెట్ మీద దిగాడు. ముందు గట్టిగా అరవాలనే వచ్చాడు. కానీ గేటు ముందు నిలబడ్డ వాళ్లంతా తను రేపు ఇంటింటికీ పోయి దండం పెట్టాల్సిన మనుషులు. పైగా మండలు తెంపాడని ఇంటికి తెలిస్తే తల్లి ఆయన్ని గడప తొక్కనివ్వదు. అందుకని గొంతు తగ్గించి, బాలమణిని కంచె పక్కకు పిలిచాడు. ఆమె దూరంగానే నిలబడింది.

"బాలమణీ, నేనేమన్న కసాయోన్నా? మైసమ్మ మన ఊరి బిడ్డ. నా జేబులకెల్లి ఇస్త, మంచిగ తిని లేవమను. లేచినంక మళ్ల తీసుకుంట, నాదీ మాట. గీ రాసుడు గీసుడు వద్దు. రాస్తే సర్కారోళ్లు వస్తరు, నాకు పరేషాన్, మీకు పరేషాన్."

పటేలు జేబులో చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి బయటికొస్తే ఇవాళ ఇంట్లో మందులొస్తాయి, పండ్లొస్తాయి. నిన్నటి దగ్గు ఇంకా చెవిలో వినబడుతూనే ఉంది బాలమణికి. తీసుకుంటే ఇంకేం వస్తుందో కూడా తెలుసు. రేపు మైసమ్మ లేచి వస్తే ఆ పని పటేలు దయ. వచ్చే ఎన్నికల్లో ఓటు ఆ దయకు బాకీ. ఎల్లుండి స్రవంతికి జ్వరమొస్తే మళ్లీ పటేలు జేబే, పటేలు దయే.

"చెయ్యి తియ్యకు పటేలా, జేబులనే ఉండనియ్యి. నాకు నీ పైసలు వద్దు. మైసమ్మ దానం అడుగుతలేదు, జబ్బు సెలవు అడుగుతున్నది. దాని జీతంలకెల్లి కోసిన దాంట్లకెల్లే వస్తది. నువ్వు జబ్బని రాయనీ చాలు."

"మొండికెత్తకు."

"నాకు మా అత్త పెట్టిన పేరే గది."

పటేలు మొహం గట్టిపడింది. వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా అన్నాడు. "ఒక్కదాని కోసం ఇంతమంది పని పోగొట్టుకుంటరా? ఇంకెవలికీ జరం లేదు గద. ఉంటే చెప్పుండ్రి."

బెదిరించడానికే అడిగాడు. ఎవరూ నోరెత్తరని ఆయన ధీమా. స్రవంతి నల్లా వైపు చూసింది, చేతిలోని పొడి కొంగు వైపు చూసింది. దాన్ని భుజం మీద వేసుకుంది.

"నాకున్నది పటేలా. మొన్నటి సంది ఉన్నది. నగేషన్నా, తుపాకీ పట్టుకురా. నేను కడుక్కోలే ఇయ్యాల."

నగేష్ గేటు సందులోంచి చెయ్యి చాపి గురిపెట్టాడు. ఎర్రగా వెలిగి కీమని అరిచింది. ఇన్ని రోజుల్లో దాని గొంతు ఎవరూ వినలేదు. నగేష్ కూడా ఉలిక్కిపడ్డాడు. ఇంకొకామె ముందుకు వచ్చింది, మళ్లీ కీమంది. దూరదూరంగా ఒక వరస దానంతట అదే తయారైంది. కొందరికి పచ్చగా వెలిగింది, కొందరికి అరిచింది. పచ్చగా వెలిగినవాళ్లు కూడా పక్కకు పోయి అక్కడే నిలబడ్డారు, లోపలికి పోలేదు. నల్లా కారుతూనే ఉంది, దాని దగ్గరికి ఎవరూ పోలేదు.

కారు అద్దం మళ్లీ కాస్త దిగింది. "పటేల్‌గారూ, ఇంతమందికి ఉందా? నాకు రోజూ ఎవరికీ లేదని చెప్తున్నారే" అన్నాడు ఫణిభూషణ్.

"నీకు చెప్పేది నేను కాదు, తుపాకీ" అని పటేలు గొణిగి, నగేష్ వైపు చూసిన చూపుకు నగేష్ రెండు అంగుళాలు కుంగిపోయాడు. "రాయిరా. మైసమ్మకు జబ్బు సెలవు రాయి. గీ తుపాకీ కూసినోళ్లందరికీ రాయి. షెడ్డు కడిగిపియ్యి. దవాఖానాకు నేనే ఫోన్ చేస్త."

"నేను కలుపుత పటేలా, నంబరు నా దగ్గరున్నది" అంది బాలమణి. కలిపి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి, ఫోన్‌ను గోడ మీద ఉంచి దూరం జరిగింది. మైసమ్మ జబ్బు సెలవులో ఉందని నరసింహ పటేలు తన నోటితో డాక్టరుకు చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఆయన పడ్డ కష్టం చూస్తే ఆయనకే సెలవు రాయాలనిపించింది కొందరికి.

"ఇగ తియ్యి" అన్నాడు ఫోన్ పెట్టేసి.

బాలమణి మండలు విప్పింది. కళ్లకు అద్దుకుని, కట్టకట్టి చంకలో పెట్టుకుంది. పోబోతుంటే పటేలు అడ్డం వచ్చాడు. ఓడిన మనిషికి చిన్న గెలుపైనా కావాలి.

"నువ్వు యాడికి? నగేషూ, ఈమెకు చూడు."

తుపాకీ పచ్చగా వెలిగింది.

"నీకేం లేదు. షెడ్డు కడిగినంక పచ్చ వచ్చినోళ్లంతా లైను మీద ఉండాలె, నువ్వు ముందుండాలె. లేకపోతే మానేసినట్టే రాపిస్త. జబ్బు లేనోళ్లకు ఏ లెక్కల సెలవిస్తరు?"

"నా ఇంట్ల జబ్బున్నది. నేనొస్తే ఈ పచ్చవాళ్లు కూడా ఎర్రగైతరు."

"ఏ లెక్కల అని అడుగుతున్న."

బాలమణి కారు వైపు చెయ్యి చూపింది. "సారు ఇంటికాడ కూసుంటే ఏ లెక్కల జీతమిస్తున్నరో గా లెక్కల. ఆయనకేమన్న జరమున్నదా? మంచిగనే ఉన్నడు, అద్దం ఎక్కిచ్చేటప్పుడు సూడు ఎంత బలమున్నదో."

ఈసారి నగేష్ కూడా నవ్వాడు. వెంటనే దగ్గినట్టు నటించాడు. అది ఇంకా తప్పని తెలిసి నోరు మూసుకున్నాడు.

"నిన్ను సూస్త బాలమణీ. గీ కరోనా అయిపోనీ."

"సూడు పటేలా. నేను యాడికి పోత. ఊరు గిదే, షెడ్డు గిదే. రేపు రాను, ఎల్లుండి రాను. మైసమ్మ లేచినంక వస్త. అప్పుడు సూడు."

యాదయ్య లారీ వెనక్కి తిప్పి, ట్రాలీలో దూరంగా కూర్చుంటే దింపుతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఎండలోనే నడుచుకుంటూ ఇల్లు చేరింది. గడప బయట బత్తాయి రసం గిన్నె పెట్టి, అరుగు చివరికి పోయి కూర్చుంది.

"అక్కా, వచ్చినవా? నా పేరు ముందల ఏం రాసిన్రు?" తలుపు సందులోంచి మైసమ్మ అడిగింది.

"జబ్బు సెలవు."

ముక్కు చీదిన చప్పుడు వినబడింది. తర్వాత గిన్నె లోపలికి పోయింది.

"మరి నీ పేరు ముందల?"

"ఏం రాయలే ఇంకా. పటేలు మానేసినట్టు రాపిస్త అంటున్నడు."

"అయితే ఎట్లనే?"

"ఎట్లేంది. సారుకిచ్చినట్టే నాకియ్యాలె అని చెప్పి వచ్చిన. రాయకపోతే మళ్ల పోయి రాయి మీద కూసుంట."

"ఒక్కదానివేనా?"

"ఆ రాయి పెద్దదే, ఇద్దరు పడ్తరు. నువ్వు జల్దీ లే. ఆ రసం తాగు ముందు, వాసన చూసుకుంట కూసోకు."